మతం గట్టిగా పాటించేవాళ్లందరూ ఫండమెంటలిస్టులేనా?

మీ నాన్నగారు రోజూ సంధ్యావందనం చేస్తారు, బయట మెతుకు ముట్టరు. మొన్న భోజనాల దగ్గర మీ బావగారు ఆయన్ని ‘ఫండమెంటలిస్ట్’ అనేసరికి పెద్దాయన నొచ్చుకుని విస్తరి ముందు నుంచి లేచిపోయారని రాశారు. మీ ఆఫీసులో గడ్డం పెంచుకుని ఐదు పూటలా నమాజు చేసే సహోద్యోగిని కూడా వెనకాల ఇదే మాట అంటున్నారట. అసలు ఈ మాటకు అర్థం ఏమిటి, ఎవరు ఎవర్ని అంటున్నారు, గ్రూప్-1 వ్యాసంలో దీన్ని ఎలా వాడాలి అని అడిగారు.

నేను పత్రికల డెస్క్‌లో ఏజెన్సీ కాపీ తెలుగు చేస్తూ చాలా ఏళ్లు పనిచేశాను, తర్వాత జర్నలిజం క్లాసులు చెప్పాను. ఈ మాటతో రోజూ పనిపడేది. ముందే చెప్పేస్తాను: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ నాన్నగారూ ఫండమెంటలిస్టు కారు, మీ సహోద్యోగీ కాడు. మనకు ‘పట్టింపు మనిషి’ అనే మంచి మాట ఉంది, ‘నిష్ఠాపరుడు’ ఉంది, విసుగొస్తే ‘చాదస్తం’ ఉంది. బావగారు వాటిలో ఏదో ఒకటి అనుంటే ఆ భోజనం అక్కడ ఆగేది కాదు. ఎందుకు కారో తెలియాలంటే ఈ మాట ఎక్కడ పుట్టిందో చూడాలి.

ఇది మొదట తిట్టు కాదు. ఒక వర్గం తమకు తామే సంతోషంగా పెట్టుకున్న పేరు. అమెరికాలో 1910 నుంచి 1915 వరకు ‘ది ఫండమెంటల్స్’ (మూల విషయాలు) అనే 12 సంపుటాల వ్యాసమాల ఒకటి వచ్చింది. క్రైస్తవ విశ్వాసంలో వదులుకోకూడని మూల విషయాలు ఇవీ అని చెప్పే 90 వ్యాసాలు అందులో ఉన్నాయి. కాలిఫోర్నియాలో యూనియన్ ఆయిల్ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన లైమన్ స్టూవర్ట్, ఆయన అన్న మిల్టన్ డబ్బు పెట్టి సుమారు 30 లక్షల ప్రతులు అచ్చు వేయించి పాస్టర్లకు, మిషనరీలకు ఉచితంగా పంపించారు. ఆ వ్యాసాల స్వరం మనం ఊహించుకునేంత కటువుగా ఉండదు. రాసినవాళ్లలో ఒకరైన స్కాట్లాండ్ పండితుడు జేమ్స్ ఆర్ భూమి చాలా పాతదని, పరిణామ సిద్ధాంతంలో కొంత నిజం ఉండవచ్చని ఒప్పుకున్న మనిషి.

1920 జులై 1న కర్టిస్ లీ లాస్ అనే బాప్టిస్టు సంపాదకుడు తన పత్రికలో, ఈ మూల విషయాల కోసం పోరాడటానికి సిద్ధపడేవాళ్లను ‘ఫండమెంటలిస్టులు’ అందాం అని రాశాడు. ఆ పేరు అలా మొదలైంది. ఆయనది నార్తర్న్ బాప్టిస్టు వర్గం. ఒంగోలు, నెల్లూరు, రామాయపట్నంలో బళ్లు, ఆస్పత్రులు కట్టి తెలుగు మిషన్ నడిపింది ఆ వర్గపు మిషన్ సంఘమే. 1878లో ఒంగోలు దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించిన క్లౌ దొర గురించి మీరు వినే ఉంటారు, ఆయనదీ ఆ బాప్టిస్టు సంప్రదాయమే. కాబట్టి ఈ మాట పుట్టిల్లు మనకు మరీ అంత దూరం కాదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ ఫండమెంటలిస్టులు పోరాడతామన్నది హిందువులతోనో ముస్లింలతోనో కాదు. అవతలి పక్షం కూడా బాప్టిస్టులే, ప్రెస్బిటేరియన్లనే ఇంకో ప్రొటెస్టంట్ శాఖవాళ్లే. అదే చర్చిలో పక్క బెంచీ మీద కూర్చుని, బైబిలును చరిత్ర దృష్టితో చదవాలి, ప్రతి అక్షరాన్నీ పట్టుకుని వేలాడక్కర్లేదు అన్నవాళ్లు. 1922లో హ్యారీ ఎమర్సన్ ఫాస్డిక్ న్యూయార్క్ ప్రెస్బిటేరియన్ చర్చి వేదిక మీద నుంచి ఫండమెంటలిస్టులను గెలవనిద్దామా అని ప్రసంగించాడు. చివరికి ఆ వేదిక వదిలి వెళ్లాల్సి వచ్చింది. ఫండమెంటలిజం మొదటి నుంచీ ఇంటిపోరు. ఎవరు నిజమైన విశ్వాసి, ఎవరు కాదు, ఎవర్ని లోపల ఉంచాలి, ఎవర్ని బయటికి పంపాలి అన్నదే గొడవంతా. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతా చిక్కులు చాలా వరకు విడిపోతాయి.

మరి ఈ పేరు తిట్టుగా ఎప్పుడు మారింది? 1925 జులైలో, టెనెసీ రాష్ట్రంలోని డేటన్ అనే చిన్న ఊళ్లో. బైబిలు చెప్పిన సృష్టికి విరుద్ధంగా మనిషి జంతువుల నుంచి వచ్చాడని ప్రభుత్వ బడుల్లో చెప్పకూడదని ఆ రాష్ట్రం చట్టం చేసింది. చెప్పాడన్న నేరానికి జాన్ స్కోప్స్ అనే 24 ఏళ్ల టీచరు మీద కేసు. ప్రాసిక్యూషన్ వైపు విలియం జెన్నింగ్స్ బ్రయాన్, డిఫెన్స్ వైపు క్లారెన్స్ డారో. బ్రయాన్ అనామకుడు కాదు. మూడుసార్లు అధ్యక్ష పదవికి పోటీ చేశాడు, విదేశాంగ మంత్రిగా ఉండి దేశం యుద్ధం వైపు వెళ్తోందని రాజీనామా చేశాడు, జీవితమంతా రైతుల పక్షాన మాట్లాడాడు. పరిణామవాదం ముదిరితే బలవంతుడిదే రాజ్యం అంటారని ఆయన భయం. ఆ భయం పూర్తిగా ఉత్తిది కూడా కాదు, ఆ తరగతి గదిలో వాడిన జీవశాస్త్రం పుస్తకంలోనే ‘మేలైన’ మనుషుల్ని ఎంపిక చేసి పెంచాలనే యూజెనిక్స్ పాఠం ఉంది.

జులై 20న వేడికి, జనం బరువుకు కోర్టు హాలు తట్టుకోదని జడ్జి విచారణను బయట పచ్చిక మీదికి మార్చాడు. అక్కడ డారో బ్రయాన్‌నే బోనెక్కించి ప్రశ్నలు వేశాడు. బైబిలులో యోనాను చేప మింగడం, యెహోషువ సూర్యుణ్ణి ఆపడం, కయీనుకు భార్య ఎక్కడి నుంచి వచ్చిందన్నది, జలప్రళయం ఏ సంవత్సరంలో వచ్చిందన్నది. చివరికి భూమి ఆరు రోజుల్లోనే తయారైందంటారా అని అడిగితే బ్రయాన్, 24 గంటల రోజులు ఆరు కాదు అన్నాడు. అంటే అక్షరం అక్షరం నమ్ముతాడని లోకం వేళాకోళం చేసిన మనిషి కూడా అక్షరార్థం తీసుకోలేదు, తనకు తోచిన వ్యాఖ్యానమే చేశాడు! మర్నాడు జడ్జి ఆ సాక్ష్యాన్ని రికార్డు నుంచి తీసేశాడు, జూరీ తొమ్మిది నిమిషాల్లో దోషి అని తేల్చింది, 100 డాలర్ల జరిమానా పడింది. ఐదు రోజులకు బ్రయాన్ నిద్రలోనే చనిపోయాడు. 1927లో రాష్ట్ర సుప్రీంకోర్టు, జరిమానా జూరీ వేయాల్సింది జడ్జి వేశాడన్న సాంకేతిక కారణంతో శిక్ష కొట్టేసింది. చట్టం మాత్రం 1967 దాకా అలాగే ఉంది.

కేసు ఎవరు గెలిచారన్నది ఎవరికీ గుర్తు లేదు. వందకు పైగా విలేకరులు దిగారు, షికాగో రేడియో ప్రత్యక్ష ప్రసారం చేసింది. ఫండమెంటలిస్టు అంటే చదువు లేని పల్లెటూరివాడు, సైన్సుకు శత్రువు అనే బొమ్మ దేశమంతా అచ్చయిపోయింది. అప్పటినుంచి ఆ పేరు తమకు తాము పెట్టుకునేవాళ్లు తగ్గారు, ఇంకొకరి నెత్తిన పెట్టేవాళ్లు పెరిగారు. 1942లో చాలామంది సంప్రదాయ ప్రొటెస్టంట్లు ‘ఇవాంజెలికల్’ పేరుతో వేరే సంఘం పెట్టుకున్నారు.

ఇక రెండో మలుపు 1979. ఇరాన్‌ విప్లవంలో మతనాయకుడు ఖొమేనీ గెలిచాక అమెరికా పత్రికలకు ఆ పరిణామానికి ఏదో ఒక పేరు కావాల్సి వచ్చింది, ఇంట్లో సిద్ధంగా ఉన్న మాట తీసి అతికించారు. తర్వాత అది సిక్కులకు, యూదులకు, హిందువులకు, బౌద్ధులకు అందరికీ పాకింది. షికాగో యూనివర్సిటీకి చెందిన మార్టిన్ మార్టీ, స్కాట్ యాపిల్‌బీ పెద్ద పరిశోధన ప్రాజెక్టు చేపట్టి 1991-95 మధ్య ఐదు భారీ సంపుటాలు తెచ్చారు. వాళ్లు పట్టుకున్న పోలికల్లో నాకు బాగా పనికొచ్చింది ఒకటి ఉంది: మేం పాతదానికి తిరిగి వెళ్తున్నాం అని చెప్పేవాళ్లు నిజానికి పాతదాంట్లోంచి కొన్నే ఏరుకుని, వాటిని కొత్త ఆయుధంగా తయారు చేసుకుంటారు.

ఇరాన్నే చూడండి. మతపండితుడే దేశాన్ని ఏలాలన్న ఖొమేనీ సిద్ధాంతం షియా సంప్రదాయంలో అనాదిగా వస్తున్నది కాదు. ఇరాక్‌లోని నజాఫ్‌లో ఉన్న ఆయతొల్లా (షియాల్లో పెద్ద మతపండితుడి బిరుదు) ఖోయీ అంతటివాడు దాన్ని ఒప్పుకోలేదు. ఇరాన్‌లోనే పెద్ద ఆయతొల్లా అయిన షరియత్‌మదారీ విభేదించాడు, 1982లో ఆయన హోదా తీసేసి గృహనిర్బంధంలో పెట్టారు. మతం బాగా తెలిసిన పెద్దలే ముందు దెబ్బతిన్నారు. మళ్లీ ఇంటిపోరే.

ఇప్పుడు మన దేశానికి వద్దాం, అసలు గందరగోళం ఇక్కడే. మన దగ్గర ఫండమెంటలిజం, మతతత్వం, ఉగ్రవాదం మూడింటినీ ఒకే గాటన కట్టేస్తారు. మతతత్వం అంటే మన మతం వాళ్లందరి రాజకీయ, ఆర్థిక ప్రయోజనాలు ఒకటే, అవి పక్క మతం వాళ్ల ప్రయోజనాలకు వ్యతిరేకం అనే నమ్మకం. దానికి భక్తితో పనిలేదు, శాస్త్రంతో అసలే పనిలేదు. పక్కింటి పోరు అది.

నమ్మకం కలగకపోతే మనుషుల్ని చూడండి. దేవ్‌బంద్ మదర్సా పెద్దగా ఉన్న మౌలానా హుస్సేన్ అహ్మద్ మదనీ ప్రతి చిన్న ఆచారం దగ్గరా నిష్ఠగా ఉన్న మనిషి, ఆయన హిందూ ముస్లింలది ఒకే జాతి అని వాదించి పాకిస్తాన్‌ను వ్యతిరేకించారు. పాకిస్తాన్ తెచ్చిన జిన్నా మత నియమాలు పెద్దగా పట్టించుకున్న మనిషి కాదు. ఇటు వైపు సావర్కర్‌ను తీసుకోండి. 1923లో హిందుత్వకు నిర్వచనం రాసిన ఆయన గోవును దేవతగా కొలవడాన్ని తప్పుపట్టారు, రత్నగిరిలో అన్ని కులాలకూ ప్రవేశం ఉండే గుడి కట్టించడానికి పూనుకున్నారు. శాస్త్రం ఏం చెప్పిందన్నదానికంటే జాతి ఎవరిదన్నదే ఆయన ప్రశ్న. సావర్కర్‌ను ఇష్టపడేవాళ్లూ తిట్టేవాళ్లూ ఇద్దరూ ఒప్పుకోవాల్సిన సంగతి ఇది: ఆయన్ని ఫండమెంటలిస్టు అంటే ఆ మాటకు అర్థమే పోతుంది. ఆయన రాజకీయాన్ని విమర్శించాలంటే దానికి తగిన మాటలు వేరే ఉన్నాయి.

ఇంకా చిక్కు కేసు ఆర్యసమాజం. వేదం తప్పులేనిది, అక్కడికే తిరిగి వెళ్లాలి అన్నారు దయానంద సరస్వతి. నిర్వచనం ప్రకారం ఇంతకంటే ఫండమెంటలిజం ఏముంది? కానీ ఆ వేదం పేరు మీదే విగ్రహారాధన వద్దన్నారు, పుట్టుకతో కులం లేదన్నారు, ఆడపిల్లలకు బడులు పెట్టారు. మరోవైపు ఇతర మతాల మీద ఖండనలూ అంతే తీవ్రంగా చేశారు. 1938-39లో నిజాంకు వ్యతిరేకంగా సత్యాగ్రహం చేసి జైళ్లు నింపినవాళ్లలోనూ వాళ్లు ముందున్నారు. తెలంగాణ పల్లెల్లో పాతతరం వాళ్లను అడిగితే ఆర్యసమాజం అనగానే చదువు, లైబ్రరీ, నిజాం మీద ధిక్కారం గుర్తొస్తాయంటారు. ఈ మొత్తాన్ని ఒక్క ముద్ర కింద అణిచేస్తే ఏం మిగులుతుంది?

అలాగే శాస్త్రం పట్టుకున్న ప్రతివాడూ వెనక్కి లాగేవాడు కాడు. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం వాదించింది శాస్త్రం ఆధారంగానే. ఎదుటివాళ్లూ శాస్త్రమే తెచ్చారు. తేడా గ్రంథంలో లేదు. వీరేశలింగం ఇష్టమున్నవాళ్లకు పెళ్లి చేశాడు, అవతలివాళ్లు ఆ పెళ్లికి వెళ్లినవాళ్లను, సాయం చేసినవాళ్లను వెలివేశారు. ‘వెలి’ అన్నది మనకు బాగా తెలిసిన పని కదా. నీళ్లు, నిప్పు, పురోహితుడు, విస్తరి ఏవీ దక్కకుండా చేయడం. ఫండమెంటలిజం ఉందా లేదా అని నాకు అనుమానం వస్తే నేను చూసేది వెలి ఎవరికి పడుతోంది అన్నదే. తన పట్టింపు తనమీదే పెట్టుకున్నాడా, లేక దాన్ని ఒప్పుకోని తనవాళ్లను శిక్షిస్తున్నాడా?

మీ నాన్నగారు బయట తినరు. బావగారిని తినొద్దన్నారా? తింటే ఇంటికి రావద్దన్నారా? అలాంటిదేమీ మీరు రాయలేదు. సహోద్యోగి నమాజు చేస్తాడు. చేయని ముస్లిం సహోద్యోగిని నువ్వు ముస్లింవే కాదని వేధిస్తున్నాడా? అదీ రాయలేదు. మరి దేన్ని చూసి ఆ మాట అన్నట్టు? గడ్డాన్ని చూసి, జంధ్యాన్ని చూసి. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం, ఎందుకంటే ఈ దేశంలో నిష్ఠగా బతికే కోట్లాది మంది తమ దేవుడితో తాము ఉన్నవాళ్లే.

దీనికి మన సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఒకటి తప్పకుండా చదవండి. 1985లో కేరళలో ముగ్గురు తోబుట్టువుల్ని బడి నుంచి తీసేశారు. వాళ్లది యెహోవాసాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబం. జనగణమన పాడేటప్పుడు లేచి గౌరవంగా నిలబడతారు, కానీ పాడరు. తమ దేవుడికి తప్ప మరి దేనికీ స్తుతి పాడకూడదని వాళ్ల విశ్వాసం. హైకోర్టులో ఓడిపోయారు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టులో తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి తీర్పు రాశారు. పాడి తీరాలని ఏ చట్టమూ లేదు, నిలబడటంలో అగౌరవం లేదు, 19, 25 అధికరణాలు ఆ పిల్లల్ని కాపాడతాయి, వెంటనే బడిలో చేర్చుకోండి అన్నారు. మన సంప్రదాయం, మన తత్వం, మన రాజ్యాంగం సహనాన్ని నేర్పుతున్నాయి, దాన్ని పలుచన చేసుకోవద్దు అని ముగించారు. ఆ విశ్వాసం మనకు వింతగా అనిపించవచ్చు, అక్షరార్థానికి కట్టుబడ్డదనీ అనిపించవచ్చు. ఆ పిల్లలు పక్కవాళ్లను పాడొద్దనలేదు. అంతే చాలు కోర్టుకు.

ఒక్క మతంలోనే ఎంత దూరం ఉంటుందో యూదుల్లో స్పష్టంగా కనిపిస్తుంది. నెతురై కర్తా అనే అతి సంప్రదాయ వర్గం, మెస్సయ్య రాకముందే ఇజ్రాయెల్ దేశం ఏర్పడటమే పాపం అంటుంది. 1974లో మొదలైన గుష్ ఎమునిమ్, దేవుడిచ్చిన భూమి అంతటా ఇళ్లు కట్టుకోవడమే ధర్మం అంది. పత్రికలు ఇద్దర్నీ ఫండమెంటలిస్టులే అన్నాయి. పాలస్తీనా రైతుకు మాత్రం ఆ రెండు వర్గాల మధ్య తేడా తన పొలం ఉండటం, పోవడం అంత.

ముద్ర వల్ల జరిగే నష్టం అమాయకుడి మీద పడటంతో అయిపోదు. అసలు దోషి దాని చాటున దాక్కుంటాడు. 2007 ఆగస్టు 9న హైదరాబాద్ ప్రెస్‌క్లబ్‌లో తస్లీమా నస్రీన్ పుస్తకం తెలుగు అనువాదం విడుదల సభ మీద మజ్లిస్ ఎమ్మెల్యేలు, కార్యకర్తలు దాడి చేశారు. ఆ రాత్రి మా డెస్క్‌లో ఒక సబ్ ఎడిటర్ ‘ఛాందసవాదుల దాడి’ అని హెడ్డింగ్ పెట్టాడు. న్యూస్ ఎడిటర్ కాపీ చేతిలోకి తీసుకుని ఛాందసవాదులు అన్న మాట మీద అడ్డగీత గీశారు. “ఛాందసవాదులంటే ఎవరు బాబూ? ముస్లింలందరూనా? వాళ్లకు పేర్లున్నాయి, పార్టీ ఉంది, నియోజకవర్గాలున్నాయి. అవి రాయి” అన్నారు. రెండు నిమిషాల్లో అయిపోయిన సంగతి అది. కానీ మేం మాటను ఎలా చూడాలో అక్కడ నేర్చుకున్నాం. ‘ఛాందసవాదులు’ అని రాస్తే పాతబస్తీలో పొద్దున్నే రొట్టెలు కాల్చుకునే పెద్దాయన దోషి అవుతాడు, ఎమ్మెల్యే పేరు తప్పిపోతుంది.

అసోసియేటెడ్ ప్రెస్ స్టైల్‌బుక్‌లో కూడా ఇలాంటి నియమమే ఉంది. ఏ వర్గమైనా తనకు తాను ఆ పేరు పెట్టుకుంటే తప్ప ఫండమెంటలిస్టు అని రాయొద్దు అంటుంది. ప్రభుత్వాల చేతిలో పడితే ఈ మాట ఇంకా ప్రమాదం. ఉజ్బెకిస్తాన్‌లో కరీమోవ్ పాలనలో, ప్రభుత్వం గుర్తించని చోట నమాజు చేశారని, మతం బోధించారని, ఫండమెంటలిస్టులన్న పేరుతో వేల మందిని జైళ్లలో వేశారు.

అలాగని ఈ మాటను పూర్తిగా పారేయమని నేను చెప్పను. అది సరిగ్గా అతికే చోట్లున్నాయి, అక్కడ మొహమాటపడితే దెబ్బతిన్నవాళ్లకు అన్యాయం చేసినట్టే. 1989లో కన్నడ పండితుడు ఎం.ఎం. కల్బుర్గి, లింగాయతులు గురువుగా కొలిచే బసవన్న కుటుంబం మీద తాను రాసినదాన్ని తన సొంత లింగాయత సమాజంలోని ఒత్తిడికి తలొగ్గి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. 2015 ఆగస్టు 30న ధార్వాడలో ఇంటి గుమ్మంలోనే ఆయన్ని కాల్చి చంపారు. పాకిస్తాన్‌లో పంజాబ్ గవర్నర్ సల్మాన్ తాసీర్, దైవదూషణ చట్టం కింద ఉరిశిక్ష పడిన ఒక పేద క్రైస్తవ మహిళ పక్షాన మాట్లాడినందుకు 2011 జనవరి 4న సొంత అంగరక్షకుడి చేతిలోనే చనిపోయాడు. తాసీర్ ముస్లిమే. చంపినవాడి మీద లాయర్లు పూలు చల్లారు. ఇలాంటిచోట నేను సంకోచించకుండా ఆ మాట వాడతాను, అయితే పేర్లు, తేదీలు, చేసిన పని పక్కన పెట్టి వాడతాను.

ఇక మీ పరీక్ష. వ్యాసంలో మతతత్వం గురించి అడిగితే మతతత్వం గురించే రాయండి, దేశ విభజన, మత ఘర్షణలు, ఎన్నికల్లో మతం వాడకం అక్కడికి వస్తాయి. ఫండమెంటలిజం అంటే ‘మత మౌలికవాదం’ అని రాయండి, ‘మతోన్మాదం’ అని రాయకండి, అది కోపంలో వాడే మాట. 1910-25 నాటి అమెరికా నేపథ్యం రెండు వాక్యాల్లో చెప్పి, ఇరాన్ మీద ఒక వాక్యం రాసి, మన రాజ్యాంగంలోకి వచ్చేయండి. 25వ అధికరణం ఇచ్చే స్వేచ్ఛ శాంతిభద్రతలకు, నైతికతకు, ఆరోగ్యానికి, మిగతా ప్రాథమిక హక్కులకు లోబడి ఉంటుందన్న సంగతి చాలామంది వదిలేస్తారు, అది రాయండి. ఉదాహరణలు ఒకే మతం నుంచి తీసుకోవద్దు, కనీసం మూడు మతాల నుంచి తీసుకోండి. కేరళ పిల్లల కేసు పేరు బిజో ఇమాన్యుయేల్ వర్సెస్ కేరళ, 1986. లౌకికవాదం గురించి అందరూ రాసే ఎస్.ఆర్. బొమ్మై కేసు 1994. ఈ రెండూ కలిపేసి రాసిన జవాబులు నేను చూశాను, మీరు విడివిడిగా గుర్తుపెట్టుకోండి.